మెల్లగా నడిచిన పొగపడవ

మొన్న మా వీధి చివర వడ్లమరకి ఇంజను వచ్చింది. కొత్తది కాదు. ఎక్కడో పాడైపోయి మూల పడి ఉన్నదాన్ని విప్పి, అరిగిన సామాను మార్చి, మళ్ళీ బిగించారట. కొబ్బరికాయలు కొట్టారు, పానకం పంచారు. మా మనవడు నన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి పీట వేసి కూర్చోబెట్టాడు. ఇంజను బిగించిన మేస్త్రి మర యజమానికి జాగ్రత్తలు చెబుతున్నాడు. కొత్తగా బిగించిన భాగాలు ఒకదానికొకటి అలవాటు పడాలట. కొన్నాళ్ళు నెమ్మదిగా నడపాలట. తొందరపెట్టకుండా పసిపిల్లలా చూసుకోవాలట. యజమాని పురాణం వింటున్నట్టు తల ఊపుతున్నాడు.

ఆ మాటలు వినేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. పానకం చెంబు కింద పెట్టి లేచి వచ్చేశాను. ఎండదెబ్బ తగిలిందేమోనని ఇంట్లోవాళ్ళు మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టారు. ఎండా కాదు, ఏమీ కాదు, కోపం. ఈ వయసులో కోపం మంచిది కాదని అందరూ చెబుతారు. నాకు ఒంట్లో మిగిలిన బలం అదొక్కటే అని వాళ్ళకి తెలియదు.

మాది రాజోలుకి దిగువన, గోదావరి పాయ ఒడ్డున, పడవలవాళ్ళ ఇల్లు. మా తాతగారి సరుకు పడవల్లో కొబ్బరికాయలు, ధాన్యం ఎగువకి వెళ్ళేవి. వెదురు, పొగాకు దిగువకి వచ్చేవి. గాలి కలిసివస్తే తెరచాప ఎత్తేవారు. లేకపోతే గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని, ముందుకి వంగిపోయి, పడవని లాక్కుంటూ పోయేవారు. ఆనకట్ట కట్టి అప్పటికి ఎంతో కాలం కాలేదు. సర్కారువారి పొగపడవలు అప్పుడప్పుడే మా రేవు ముందునుంచి తిరగడం మొదలుపెట్టాయి. ఎదురుగాలిలో, ఎదురునీటిలో, ఎవరూ లాగకుండా పోతున్న పడవని మొదటిసారి చూసిన రోజు తాతగారు అన్నం ముట్టలేదని మామ్మ చెప్పేది. అప్పటినుంచి ఆయనకి వేరే ఆలోచన లేదు.

అంతర్వేది దగ్గర ఇసుకమేటలో ఒక పొగపడవ కూరుకుపోయి ఉండేది. ఏ తుపానులోనో పోయింది. ఇంక పనికిరాదని దాని సొంతదారులు వదిలేసుకుంటే, తాతగారు అనుమతి తెచ్చుకుని ఇంజనుని పైకి తీయించారు. రెండు పడవలు జతకట్టి, దుంగల మీద పెట్టి మా రేవుకి తెచ్చారు. ఒడ్డున దింపినప్పుడు అది నాకు చచ్చిన ఏనుగులా కనిపించింది. దాని ఒంటినిండా తుప్పూ గుల్లలూ పట్టి ఉన్నాయి. దగ్గరికి వెళితే చేపల నీచు వాసన.

దొడ్లో కొబ్బరిచెట్ల కింద తాటాకు పాక వేసి దాన్ని అందులో పెట్టారు. బాగుచేసినవాడు మా బాబాయి, అంటే నాన్నగారి తమ్ముడు. ధవళేశ్వరం నుంచి ఒక మేస్త్రి వచ్చి మా ఇంటనే ఉన్నాడు. ఇద్దరూ దాన్ని మర మరా విప్పి, ఆముదంలో నానబెట్టి, ఇటుకపొడితో తోమారు. లోపల ముందుకీ వెనక్కీ ఆడే ఇనుప దిమ్మని మేము పిల్లలం రోకలి అనేవాళ్ళం. దాని చుట్టూ జనపనార తాడు కొవ్వులో ముంచి చుట్టాలి. మేక కొవ్వు పెద్ద మూకుడులో కాచుతుంటే ఆ కంపు వీధి దాకా వచ్చేది. ఆ చేతులతో వంటింటి గడప తొక్కితే ఊరుకోనని మామ్మ ముందే చెప్పేసింది. బాబాయి నూతి దగ్గర స్నానం చేసి తడిబట్టతో నిలబడితే గానీ అన్నం పెట్టేది కాదు.

ఇరుసు తిరగడానికి కింద ఇత్తడి దిమ్మలు కావాలి. ఉప్పునీరు పాతవాటిని తినేసింది. తాతగారు ఇంట్లో చిల్లులు పడ్డ బిందెలు, గంగాళాలు అన్నీ కంచరివాడికి ఇచ్చి కరిగించారు. అవి చాలకపోతే మా పిన్ని పుట్టింటినుంచి సారెగా తెచ్చుకున్న కొత్త బిందె కూడా తీసుకెళ్ళారు. ఆవిణ్ణి ఎవరూ అడగలేదు. నీళ్ళకి వెళదామని చూస్తే బిందె లేదు. అప్పటికే అది కంచరివాడి మూసలో కరుగుతోంది.

పిన్ని అంటే బాబాయి భార్య. అమలాపురం పిల్ల. నాకంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో, అంతే. ఇంట్లో పెద్దవాళ్ళ ముందు తలవంచుకుని తిరిగేది గానీ, నాతో ఒంటరిగా ఉన్నప్పుడు ఆవిడ నవ్వు ఆపడం కష్టం. మామ్మ నడకని, మేస్త్రి దగ్గుని అచ్చంగా చేసి చూపించేది. మధ్యాహ్నం మగవాళ్ళు భోజనాలయి కునుకు తీస్తుంటే మేమిద్దరం పాకలోకి దూరేవాళ్ళం. కడుపుతో ఉన్నది ఆ ఇనుము దగ్గరికి పోకూడదని ఆంక్ష. ఆవిడ దాని చుట్టూ తిరిగి, ప్రతి మరా ముట్టుకుని, ఇదెందుకు, అదెందుకు అని నన్నే అడిగేది. నాకేం తెలుసు. రాత్రి బాబాయిని అడిగి తెలుసుకుని మర్నాడు నాకే చెప్పేది. పొయ్యి వెలిగించి బాయిలరుని పరీక్ష చూసే రోజుల్లో ఆ బూడిదలో తేగలు పాతిపెట్టి కాల్చుకుని తిన్నాం. ఉప్పునీటి మడ అడవి కట్టెల బూడిదలో కాలిన తేగకి కాస్త ఉప్పదనం వస్తుంది. మూతులు నల్లగా చేసుకుని దొరికిపోయాం. నన్ను తిట్టి వదిలేశారు. పిన్నికి మాత్రం ఆ పూట అన్నం పెట్టలేదు.

ఇంజనుని పడవలోకి ఎక్కించి, రెండు పక్కలా చక్రాలు బిగించి, మొదటిసారి నడిపిన రోజు ఊరంతా రేవులో ఉంది. పొద్దుటినుంచి కట్టెలు వేస్తూనే ఉన్నారు. ఆవిరి పట్టాక బాబాయి దాన్ని వదిలే మర తిప్పాడు. ఏదో బుస్సుమంది, రోకలి కొంచెం కదిలి ఆగిపోయింది. జనంలో నవ్వులు. తాతగారి మొహం కందగడ్డలా అయింది. మేస్త్రి లోపలి నీళ్ళు వదిలించి, చక్రాన్ని చేత్తో కాస్త తోసి, మళ్ళీ తిప్పమన్నాడు. ఈసారి ఆ ఏనుగు ఊపిరి తీసుకుంది. దభ్ మని ఒకటి, చాలాసేపటికి మరొకటి, తరవాత వరసగా. చక్రాలు నీళ్ళు చిమ్మాయి. కూత వేస్తే రేవులో గేదెలు తాళ్ళు తెంచుకుని పరుగెత్తాయి. తాతగారు కండువాతో కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఆయన ఏడవడం అంతకుముందు చూడలేదు, తరవాతా చూడలేదు.

ఆ రోజునుంచి ఇంట్లో ఒకటే మాట. ఇంజను పచ్చిది. ఇత్తడి ఇంకా ఇరుసుకి మరగలేదు, అంటే అలవాటు పడలేదు. సగం ఆవిరి దాటకూడదు. రోజూ సాయంత్రం రేవునుంచి ఎదుటి లంక దాకా నెమ్మదిగా పోయి, నెమ్మదిగా రావాలి. తాతగారు దాని పక్కనే కూర్చుని, చీటికీ మాటికీ ఇరుసు దిమ్మల మీద అరచెయ్యి వేసి చూసేవారు. పిల్లలకి జ్వరం వస్తే నుదుటి మీద అలాగే చెయ్యి వేస్తాం. వేడి తగిలితే ఆపించి, ఆముదం పోయించి, చల్లారేదాకా కూర్చునేవారు. ఎవరైనా వేగంగా నడపమంటే కళ్ళెర్రజేసేవారు. ఇక్కడ ఇంట్లో, నెలలు నిండిన పిల్ల రెండు పూటలా వడ్లు దంచేది. పనిచేస్తే కాన్పు తేలికవుతుందని మామ్మ సిద్ధాంతం. అలిసిపోయావా అని ఆవిడ నుదుటి మీద చెయ్యి వేసినవాళ్ళు ఆ ఇంట్లో లేరు. మా అమ్మకి జాలి ఉండేది గానీ మాట చెల్లేది కాదు.

మార్గశిరంలో పిన్నికి నొప్పులు వచ్చాయి. ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. బిడ్డ అడ్డం తిరిగిందని, తన వల్ల కాదని మా ఊరి మంత్రసాని చేతులెత్తేసింది. ఎగువన కొత్తపేట వైపు లంకలో ఒక ముసలామె ఉందని, అలాంటి బిడ్డల్ని చేత్తో సరిచేసి బతికించిందని ఆవిడే చెప్పింది. డోలీలో మోసుకుపోవాలంటే దారిలో ఎన్ని కాలవలో. ఉత్తరపు గాలి ఎదురు కొడుతోంది, తెరచాప పనికిరాదు. పొగపడవ తీద్దామని బాబాయి అన్నాడు. తాతగారు వెంటనే సరేనన్నారు. అంతవరకు ఆయన్ని తప్పుపట్టను.

తెల్లవారుతుండగా బయలుదేరాం. చాపల గూడు కింద బొంతలు పరిచి పిన్నిని పడుకోబెట్టారు. అమ్మా, మంత్రసానీ పక్కన కూర్చున్నారు. పిన్ని నా చెయ్యి వదలకపోవడంతో నన్నూ ఎక్కించుకున్నారు. బాబాయి కట్టెలు వేస్తున్నాడు. మేస్త్రి నూనె చూస్తున్నాడు. ఆవిరి మర దగ్గర తాతగారే నిలబడ్డారు.

పడవ కదిలింది. దభ్, దభ్. రోజూ సాయంత్రం షికారు పోయినట్టే పోతోంది. గట్టు మీద కావిడి మోసుకుంటూ ఒకతను నడుస్తున్నాడు. మొదట మా వెనక ఉన్నాడు, తరవాత మా పక్కన వచ్చాడు, కాసేపటికి మమ్మల్ని దాటిపోయాడు. ఆ మనిషి వీపు నాకింకా కళ్ళకి కట్టినట్టు ఉంది.

రెండుసార్లు పడవని ఆపించి ఇరుసు చల్లార్చారు. రెండోసారి బాబాయి ఓపిక పోయింది. మసి చేతులతో వచ్చి తాతగారి ముందు నిలబడ్డాడు.

"నాన్నగారూ, మర పూర్తిగా తిప్పనివ్వండి. మీ కోడలికి ఇంక ఓపిక లేదండి."

"ఇంకా పచ్చిగా ఉందిరా. ఇప్పుడు తొందరపెడితే ఇత్తడి కరిగిపోద్ది. ఏటి మధ్యలో ఆగిపోతే ఏం చేస్తావ్?"

"ఆగితే గట్టెక్కి తాడేసుకుని నేనే లాగుతానండి."

తాతగారు మర మీదనుంచి చెయ్యి తియ్యలేదు. గొంతు పెంచలేదు కూడా. మామూలు మాట చెప్పినట్టే అన్నారు.

"ఆడదానికి కాన్పు మళ్ళీ వస్తాది. ఇది పాడైతే మళ్ళీ నా చేతికి రాదు."

బాబాయి చెయ్యి చాపి ఆ మర పట్టుకున్నాడు. తాతగారు అతని మొహంలోకి చూశారు, అంతే. బాబాయి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పాతికేళ్ళ మగాడు, బలంగా తోస్తే ముసలాయన పక్కకి పడేవాడు. తండ్రి మీద చెయ్యి వెయ్యడం ఆ రోజుల్లో ఎరగరని మా అమ్మ తరవాత ఎన్నోసార్లు చెప్పింది. ఎరగకపోతే నేర్చుకోవలసింది. అలా ఎందుకు నేర్చుకోలేదని బాబాయి మీద కూడా నాకు కోపమే.

ఆ మాట పిన్ని విందో లేదో తెలియదు. కళ్ళు తెరిచి నా వంక చూసి, "ఇంకా ఎంత దూరముందే" అంది. దగ్గరికి వచ్చేశామని చెప్పాను. గట్టు మీద ఇందాక ఆగినప్పుడు చూసిన తాటితోపే ఇంకా కనిపిస్తోంది. ఆవిడకి అది కనిపించకుండా నేను చాపకి అడ్డంగా జరిగి కూర్చున్నాను.

లంక చేరేసరికి పొద్దు వాలింది. గట్టు మీదివాళ్ళ నోట ముందే కబురందుకుని ఆ ముసలామె మొలలోతు నీళ్ళలోకి తానే ఎదురొచ్చి పడవెక్కింది. కడుపు మీద చెయ్యి వేసి, చెవి ఆనించి వింది. బిడ్డ అప్పటికే పోయిందట. తల్లికోసం తన చేతనైనదంతా చేసింది. పిన్ని పట్టు నా చేతి మీద వదులైన సంగతి అందరికంటే ముందు నాకే తెలిసింది. ముసలామె నదిలో చేతులు కడుక్కుంటూ, ఎవరి వంకా చూడకుండా చెప్పింది.

"ఒక్క జాము ముందు తెచ్చుంటే చూసేదాన్నండి."

దైవం అలా రాశాడని తాతగారు అన్నారు. తిరుగు ప్రయాణంలో కూడా పడవ అంతే మెల్లగా నడిచింది. ఇరుసు వేడెక్కిందేమోనని ఆయన మధ్యలో చెయ్యి వేసి చూశారు. చూడకపోతే బాగుండేది. ఆ ఒక్కసారి చూడకపోయినా ఆయన్ని కాస్త క్షమించి ఉందును.

పెద్దకర్మ అయిన తరవాత రాజోలులో ఒక దొర మకాం చేశాడు. పొగపడవ నడుపుకోవడానికి ఆయన సరేననాలి. ఆయన చూడటానికి వస్తున్నాడని రేవంతా అలికి, మామిడి తోరణాలు కట్టారు. బంధువులంతా వచ్చారు. పడవకి కొత్త రంగు వేశారు. ముందుభాగాన ఎర్రటి అక్షరాలతో, తెలుగులోనూ ఇంగిలీషులోనూ, మా పిన్ని పేరు రాయించారు. చచ్చిపోయిన కోడలి మీద ఎంత ప్రేమో అని ఆడవాళ్ళు కొంగులతో కళ్ళు ఒత్తుకున్నారు. నాకప్పటికి కోపం రాలేదు. ఏం జరుగుతోందో అర్థం కాలేదు, అంతే. బాబాయి ఆ పూట పాకలోంచి బయటికి రాలేదు.

దొర ఎక్కాడు. తాతగారే మర దగ్గర నిలబడ్డారు. పడవ రేవు దాటి నీళ్ళ మధ్యకి వెళ్ళింది. అప్పుడు ఆయన చెయ్యి తిరగడం నాకు ఒడ్డునుంచి కనిపించింది. దభ్ దభ్ అన్న చప్పుడు ఒక్కటైపోయి గుర్రం పరుగులా వినిపించింది. చక్రాలు తెల్లగా నురగ కక్కాయి. ఎదురునీటిలో, అదే ఉత్తరపు గాలిలో, పడవ బాణంలా దూసుకుపోయింది. గట్టు మీద గుర్రమెక్కి వస్తున్న బంట్రోతు వెనకబడిపోయాడు. ఎగువ మలుపు దాకా పోయి, తిరిగి, అదే వేగంతో వచ్చింది. ఇత్తడి కరగలేదు. ఇరుసు పట్టెయ్యలేదు. ఏటి మధ్యలో ఏదీ ఆగలేదు.

అప్పుడు అర్థమైంది నాకు.

తిరిగొచ్చిన పడవకి హారతి ఇవ్వాలి. ఇంటి ఆడపిల్లని కదా, పళ్ళెం నా చేతికిచ్చి ముందుకి తోశారు. తాతగారు నవ్వుతూ నిలబడి ఉన్నారు. నేను ఆ ఎర్ర అక్షరాల వంక చూశాను. పళ్ళెం ఎత్తి, వెలుగుతున్న కర్పూరంతో సహా, నదిలోకి విసిరేశాను.

మామ్మ నా చెంప పగలగొట్టింది. జనం గుసగుసలాడారు. చచ్చిపోయినావిడ ఈ పిల్లని పట్టుకుందని ఎవరో అన్నారు. అంతే, సాయంత్రానికి భూతవైద్యుణ్ణి తెచ్చి, నన్ను ముగ్గులో కూర్చోబెట్టి, వేపమండలతో కొట్టారు. ఎవరు నువ్వు, చెప్పు అంటాడు వాడు. నేనే అంటాను. మళ్ళీ కొడతాడు. నా కోపం నాదని ఒప్పుకోవడానికి కూడా ఆ ఇంట్లో ఒక్కరు లేకపోయారు.

పాకలో కూర్చున్నచోటనుంచే బాబాయి ఆ వేగపు చప్పుడు విన్నాడు. తను బిగించిన ఇంజను ఎంత ఆవిరి మీద నడుస్తోందో అతనికి చూడనక్కరలేదు. మర్నాడు సామాన్లు సర్దుకోలేదు, ఎవరితోనూ పోట్లాడలేదు. మా సరుకు పడవలు లాగే కూలీల దగ్గరికి వెళ్ళి, వాళ్ళతోపాటు తాడు భుజాన వేసుకున్నాడు. యజమాని కొడుకు కూలీల్లో నడవడమేమిటని తాతగారు కబురు మీద కబురు పంపారు. అతను ఇంటికి రాలేదు. బతికినంతకాలం గట్టు మీద వంగి నడుస్తూనే ఉన్నాడు. పొగపడవ పక్కనుంచి పోతూ కూత వేస్తే తల తిప్పేవాడు కాదు. భుజం మీద కాయ కాచి, పుండు పడి, మళ్ళీ కాయ కాచింది. సొంత అన్న, మా నాన్నగారు, కాళ్ళు పట్టుకున్నా వినలేదు. మళ్ళీ పెళ్ళి మాట ఎత్తితే, తాడు కింద పెట్టకుండానే నవ్వేవాడట.

నా మొదటి కాన్పుకి పుట్టింటికి వచ్చేసరికి తాతగారికి చూపు మందగించింది. ముందుగానే పొగపడవలో ఎగువకి పంపించండి, అక్కడ మంచి మంత్రసాని ఉంది అని ఇంట్లోవాళ్ళకి చెప్పారు. ఆ పడవ నేనెక్కనన్నాను. ఎంతమంది బతిమాలినా ఎక్కలేదు. ఇంట్లోనే కన్నాను. ఆ తరవాత ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, నీకు ఇంకా కోపమేనా అని అడిగారు. ఉందండి అన్నాను.

"ఆ రోజు ఏటి మధ్యలో అది ఆగిపోయుంటే ఏమయ్యేదో నీకు తెలీదమ్మా."

"దొరగారి ముందు ఆగలేదు కదండీ తాతగారూ."

చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చున్నారు. తరవాత మంచినీళ్ళు అడిగారు. ఇచ్చాను. ఇవ్వనంత కోపం కాదు నాది. మరిచిపోయేటంత చిన్నదీ కాదు.

ఆయన పోయాక కూడా ఆ పడవ చాలా ఏళ్ళు తిరిగింది. చాలా గట్టి ఇంజనని, మొదట్లో పెద్దాయన అంత ఓపిగ్గా నడిపించి అలవాటు చేశారు కాబట్టే అన్నాళ్ళు నిలిచిందని మా రేవులో చెప్పుకునేవారు. పాఠంలా చెప్పుకునేవారు. పడవ వచ్చిందా అని ఎవరూ అనేవారు కాదు, దాని పేరు పెట్టే అడిగేవారు. ఆ పేరు వచ్చిందా, ఆ పేరు వెళ్ళిపోయిందా, ఆ పేరు ఇవాళ ఆలస్యమా. పిల్లలు ఆ పేరు పాడుకుంటూ గట్టు మీద పరుగెత్తేవారు. ఒక తరం గడిచేసరికి అది ఒక మనిషి పేరని మా ఇంట్లోనే సగంమందికి తెలియకుండా పోయింది.

ఇంత చెప్పి, మా పిన్ని పేరు మాత్రం నేను ఇక్కడ రాయలేదు. రాస్తే, మా వైపు పెద్దవాళ్ళు ఎవరైనా చదివి, "ఓ, ఆ పొగపడవా" అంటారు.